చీజ్ రుచి పాఠాలు – 4: పార్మిజానో రెజ్జానో ముక్కను చూసి కొనడం

గత పాఠంలో మెత్తని బ్రీ, కమాంబేర్‌లు చూశాం. ఈసారి ఇటలీ గట్టి చీజ్ పార్మిజానో రెజ్జానో. ఇది ఖరీదైనది. పైగా, పార్మెజాన్ పేరుతో అమ్మే పొడి డబ్బాలన్నీ ఇదే అనుకుని మోసపోవడం సులువు. యూరప్‌లో ఆ పేరుకు రక్షణ ఉంది. అమెరికాలో లేదు, అక్కడ ఎవరు తయారుచేసినా పార్మెజాన్ అని అమ్మొచ్చు. కాబట్టి పేరు వదిలేసి తొక్క చూడండి.

తొక్క మీద ఏముంటుంది

పార్మా, రెజ్జో ఎమిలియా, మోదెనా జిల్లాలు మొత్తం, రేనో నదికి పడమర ఉన్న బొలోన్యా భాగం, పో నదికి దక్షిణాన ఉన్న మాంతువా భాగం. ఈ ప్రాంతంలో చేసినదానికే ఆ పేరు. తొక్క చుట్టూ చుక్కలతో పేరు చెక్కి ఉంటుంది. తయారైన నెల, సంవత్సరం, డెయిరీ నంబరు కూడా ఉంటాయి. మీరు కొనే ముక్కకు తొక్క ఉండాలి, దాని మీద ఆ చుక్కల అక్షరాల్లో కొన్నైనా కనబడాలి. తొక్క తీసేసిన ముక్క అయితే ప్యాకెట్ మీది ముద్రనే నమ్మాలి.

తొక్క చుట్టూ అడ్డంగా సమాంతర గీతలు చెక్కి ఉంటే అది రెండో రకం. 12 నెలలు మాగాక నిపుణులు ప్రతి చక్రాన్నీ, అంటే గుండ్రని పెద్ద చీజ్ దిమ్మను, చిన్న సుత్తితో తట్టి వింటారు. లోపల పగుళ్లో బోలో ఉంటే శబ్దం మారుతుంది. పూర్తిగా నెగ్గినవాటికి కాల్చిన ముద్ర వేస్తారు, కాస్త లోపమున్నవాటికి గీతలు చెక్కుతారు, బాగా చెడినవాటి తొక్క మీది గుర్తులు చెరిపేస్తారు. గీతలున్న రకం తినడానికి బాగానే ఉంటుంది, కానీ ఎక్కువ నెలలు మాగబెట్టడానికి పనికిరాదు. దానికి పూర్తి ధర ఇవ్వకండి.

లోపం ఎక్కడ పుడుతుంది

సాయంత్రం పాలను రాత్రంతా నిలవుంచి పైమీగడ తీస్తారు, పొద్దున పిండిన వెన్న తీయని పాలు కలిపి రాగి కాగులో పోస్తారు. ఈ పాలను ముందుగా కాచరు. ముందురోజు చీజ్ చేయగా మిగిలిన తేటను తోడుగా వేసి, దూడ రెన్నెట్‌తో (దూడ కడుపు నుంచి తీసే ఎంజైమ్) విరగ్గొట్టి, ఆ విరుగుడును బియ్యపు గింజంత ముక్కలుగా చిదిపి, 55 డిగ్రీల వరకు వేడి చేస్తారు. దాదాపు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది.

పాలు కాచరు కాబట్టి మేతే కీలకం. పులియబెట్టిన పచ్చిమేత, అంటే సైలేజ్ వేస్తే దానిలోని క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా బీజాలు పాలలోకి చేరతాయి. నెలల తర్వాత అవి గ్యాస్ పుట్టించి చక్రాన్ని ఉబ్బించి పగలగొడతాయి. అందుకే ఇక్కడ సైలేజ్ నిషేధం. పోలికకు, ఇటలీదే మరో గట్టి చీజ్ గ్రానా పదానోకు సైలేజ్ వాడొచ్చు. అందుకే దానిలో ఆ బాక్టీరియాను అడ్డుకోవడానికి సాధారణంగా గుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ అనే ఎంజైమ్ కలుపుతారు. శాకాహారులు జాగ్రత్త. పార్మిజానోలో గుడ్డు ఉండదు గానీ దూడ రెన్నెట్ తప్పనిసరి, దీనికి శాకాహార రకం అంటూ లేదు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, పడనివారికి మాత్రం మంచి వార్త. దాన్ని మొదటి రెండు రోజుల్లోనే బాక్టీరియా తినేస్తుంది.

కోత పరీక్ష

ముక్క లేత గడ్డిరంగులో ఉండాలి, అక్కడక్కడా సన్నటి కన్నాలు ఫరవాలేదు. పెద్ద కన్నాలు, తొక్క నుంచి లోపలికి దిగిన చీలికలు ఉంటే తీసుకోవద్దు. పంటికింద కరకరలాడే తెల్లని రవ్వలు ఉప్పూ కాదు, బూజూ కాదు. మాంసకృత్తులు విడిపోతున్నప్పుడు బయటపడిన టైరోసిన్ స్ఫటికాలు, మాగిందనడానికి గుర్తు. బూజు నూగులా పైనే ఉంటుంది, రవ్వ లోపలే ఉంటుంది.

అభ్యాసం

12, 24, 36 నెలలవి తలా 50 గ్రాములు కొనండి. ఫ్రిజ్ నుంచి గంట ముందే తీయాలి. చల్లగా ఉంటే వాసన లేవదు, ఉప్పే తెలుస్తుంది. చాకుతో పలచగా కోయకుండా మొన గుచ్చి తిప్పి, సహజంగా విరిగే చోట విరగ్గొట్టండి. ముందు వాసన చూసి, తర్వాత నోట్లో కరగనివ్వండి. లేతది పాలు, పెరుగు వైపు ఉంటుంది. 24 నెలలది కాచిన వెన్న, గింజలు, పండ్ల వైపు. 36 నెలలది పొడిగా రాలుతూ జాజికాయ, మాంసపు సారు వాసన ఇస్తుంది. చాలామందికి 24 నెలలదే సరైన చోటు అని మా అభిప్రాయం, ముదిరినకొద్దీ మెరుగు అనుకోనక్కర్లేదు. మిర్చి బజ్జీ, ఆవకాయ తిన్నాక మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి, నాలుక మండుతుంటే మూడూ ఒకటే.

నిలవ

ప్లాస్టిక్‌లో బిగించి చుడితే చెమ్మ పట్టి పైన జిగురు, తర్వాత బూజు. బటర్ పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. బూజు కనబడితే చుట్టూ ఒక అంగుళం కోసి పారేయండి, గట్టి చీజ్ కాబట్టి మిగతాది వాడొచ్చు. తురిమి నిలవ పెట్టొద్దు, వాసన త్వరగా పోతుంది. తినే ముందే తురుముకోండి. తొక్కకు మైనం పూయరు కాబట్టి దాన్నీ వాడొచ్చు. గీరి కడిగి, కూరగాయల సూప్‌లో 30 నిమిషాలు ఉడికించండి. మెత్తబడి చిక్కని రుచి ఇస్తుంది.

వచ్చే పాఠం కొండప్రాంతపు కోంతే, గ్రుయేర్‌ల మీద. ఈ మూడు ముక్కల్లో మధ్యదాన్ని ఒక 20 గ్రాములు మిగిల్చి ఉంచండి, పోల్చి చూడడానికి అవసరం.