పొగగొట్టం ఉద్గారాల పరీక్ష చేయించుకోవడం: ఒప్పందం నుంచి నివేదిక దాకా

పరిశ్రమ పొగగొట్టం నుంచి వెలువడే కాలుష్యకాలను కొలవడానికి పరీక్షా సంస్థను పిలిచే యాజమాన్యం అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ పరీక్ష దేనికోసమన్నది. అనుమతి పత్రంలోని పరిమితికి లోబడి ఉన్నామని నియంత్రణ సంస్థకు చూపడానికా, కొత్తగా అమర్చిన బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచులతో ధూళిని వడకట్టే పరికరం) సరఫరాదారు ఇచ్చిన హామీ మేరకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికా, నిరంతరం కొలిచే ఆన్‌లైన్ పరికరం చూపే అంకెను సరిచూసుకోవడానికా అన్నదాన్ని బట్టి కొలిచే చోటు, పద్ధతి, ఎన్నిసార్లు కొలవాలన్న లెక్క అన్నీ మారిపోతాయి. ఫిల్టర్ సామర్థ్యం తేలాలంటే దానికి ముందూ వెనకా ఒకే సమయంలో నమూనాలు తీయాలి. అనుమతి పత్రం కోసమైతే సాధారణంగా బయటికి వెళ్లే గాలిని కొలిస్తే సరిపోతుంది. ఈ సంగతి తేల్చకుండా 'స్టాక్ టెస్టింగ్ (పొగగొట్టం పరీక్ష) ఒకటి' అని ఆర్డరు రాస్తే, చేతికి వచ్చే నివేదిక ఎవరి సందేహానికీ జవాబు చెప్పదు.

తరువాత అనుమతి పత్రాన్ని దగ్గర పెట్టుకుని ఒక్కొక్క కాలుష్యకానికి ఐదు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: పరిమితి, దాని కొలమానం (మిల్లీగ్రాములు, పీపీఎం వంటిది), అది పొడి గాలికా తడి గాలికా అన్నది, ఏ ఆక్సిజన్ శాతానికి, ఏ ఉష్ణోగ్రతకు సవరించాలన్నది, ఎంతసేపటి సగటుతో పోల్చాలన్నది. పద్ధతి పేరు పత్రంలోనే ఉంటే దానికి బదులు మరొకటి వాడే స్వేచ్ఛ పరీక్షా సంస్థకు ఉండదు. అమెరికాలో ఈ పద్ధతులు చాలావరకు ఫెడరల్ నిబంధనల 40వ టైటిల్, 60వ భాగపు అనుబంధాల్లో అంకెలతో ఉంటాయి: 1వ పద్ధతి గొట్టంలో కొలిచే బిందువుల ఎంపికకు, 2వది వేగానికి, 4వది తేమకు, 5వది ధూళికి. యూరప్‌లో తక్కువ స్థాయి ధూళికి ఈఎన్ 13284-1, నైట్రోజన్ ఆక్సైడ్లకు ఈఎన్ 14792, సల్ఫర్ డయాక్సైడ్‌కు ఈఎన్ 14791 వర్తిస్తాయి. ఇతర దేశాల్లో చాలాచోట్ల వీటినో, ఐఎస్‌ఓ 9096 వంటి అంతర్జాతీయ ప్రమాణాలనో కొద్ది మార్పులతో వాడుకుంటారు.

సంస్థను ఎంచుకునేటప్పుడు ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 (ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోకూడదు. ఆ గుర్తింపు పత్రానికి జతపరచిన పరిధి పట్టికలో మనకు కావలసిన పద్ధతి పేరు ఉందో లేదో చూడాలి. నీటి నమూనాల విశ్లేషణకు గుర్తింపు పొందిన ప్రయోగశాల పొగగొట్టం మీద ధూళి నమూనా తీయడానికి కూడా అర్హత పొందినట్టు కాదు. నమూనా తీసేది ఒకరు, విశ్లేషించేది మరొకరు అయితే ఇద్దరి పత్రాలూ చూడాలి. కాలుష్య నియంత్రణ పరికరాన్ని అమ్మిన సంస్థే దాని పనితీరును కొలిచి ధ్రువీకరించే ఏర్పాటుకు ఒప్పుకోకపోవడం మంచిది. అన్నిటికన్నా తక్కువ ధర చెప్పినవారు ఎక్కడ కోత పెట్టారో కూడా గమనించాలి: ఎక్కువగా ఆ కోత కొలిచే బిందువుల సంఖ్య మీద, నమూనా తీసే సమయం మీద, ఖాళీ నమూనాల (గాలి లాగకుండా మిగతా పనులన్నీ అలాగే చేసి చూసే నమూనాల) మీద పడుతుంది. ఈ మూడూ ధర ప్రతిపాదనలో విడివిడిగా రాసి ఉండాలని ముందే కోరితే, వచ్చిన ధరలను సరిగా పోల్చుకోవచ్చు.

కొలిచే చోటు

పరీక్ష ఫలితం మంచిచెడ్డలు చాలావరకు నమూనా రంధ్రం, అంటే పోర్టు, ఎక్కడ ఉందన్న దాని మీదే ఆధారపడతాయి. వంపు, ఫ్యాన్, డ్యాంపర్ (గాలి ప్రవాహాన్ని తగ్గించే తలుపు) వంటివి దాటిన వెంటనే గాలి ఒక పక్కకు ఒరుగుతుంది, సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు గోడ వైపు జరుగుతాయి. అందుకే అమెరికా 1వ పద్ధతి ప్రకారం అటువంటి అడ్డంకి దాటాక గొట్టం వ్యాసానికి 8 రెట్ల దూరంలో, తరువాతి అడ్డంకికి లేదా పొగగొట్టం చివరికి 2 రెట్ల దూరం ఉండేలా పోర్టు ఉండాలి. 1.5 మీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి ఇవి 12 మీటర్లు, 3 మీటర్లు అవుతాయి. అంత నిడివి లేనప్పుడు 2 రెట్లు, అర రెట్టు దాకా తగ్గవచ్చు కానీ అందుకు మూల్యంగా బిందువుల సంఖ్య పెరుగుతుంది: 0.61 మీటర్లకు మించిన వ్యాసంతో, దూరాలు సరిగ్గా ఉన్న గుండ్రటి గొట్టానికి 12 బిందువులు చాలితే, ధూళి కొలతలో అది 24 దాకా వెళ్లవచ్చు. యూరప్ ప్రమాణం ఈఎన్ 15259 అడ్డంకి తరువాత 5 రెట్ల నిడివిని సూచించి, అక్కడి ప్రవాహం నిజంగా ఎలా ఉందో కొలిచి చూడమంటుంది: ప్రవాహపు కోణం గొట్టం అక్షానికి 15 డిగ్రీల లోపే ఉండాలి, ఎక్కడా గాలి వెనక్కి తిరగకూడదు, అత్యధిక వేగం అత్యల్ప వేగానికి మూడు రెట్లను మించకూడదు.

బిందువులను సమాన దూరాల్లో పెట్టరు, సమాన వైశాల్యాల మధ్యలో పెడతారు. పైన చెప్పిన 1.5 మీటర్ల గొట్టంలో ఒక వ్యాసం మీద ఆరు బిందువులు లోపలి గోడ నుంచి సుమారు 6.6, 21.9, 44.4, 105.6, 128.1, 143.4 సెంటీమీటర్ల దగ్గర పడతాయి. నమూనా తీసే బృందం ప్రోబ్ (పోర్టులోంచి లోపలికి దూర్చే నమూనా గొట్టం) మీద ఈ గుర్తులు పెట్టుకుందో లేదో కింద నిలబడి చూసినా తెలుస్తుంది. ప్రోబ్‌ను మధ్యలో ఒకేచోట ఉంచి గంటసేపు కదపకపోతే ఆ ధూళి కొలతను అంగీకరించనవసరం లేదు. ఒకదానికొకటి 90 డిగ్రీల్లో రెండు పోర్టులు ఉండాలన్న నియమం కూడా ఇందుకే. ఒకటే పోర్టు ఉన్న పాత పొగగొట్టానికి రెండోది పెట్టించడం ప్లాంటు ఆగి ఉన్న రోజుల్లోనే సాధ్యం కాబట్టి, ఆ పనిని వార్షిక మరమ్మతుల పట్టికలో ముందుగానే చేర్చాలి.

పోర్టు దగ్గరి వేదిక, కంచె, నిచ్చెన, పరికరాలను పైకి లాగే కప్పీ, భూమికి కలిపిన విద్యుత్ సరఫరా సిద్ధం చేయడం పరిశ్రమ బాధ్యత. గొట్టం లోపల బయటికన్నా ఎక్కువ పీడనం ఉంటే పోర్టు తెరిచిన వెంటనే వేడి వాయువు, కార్బన్ మోనాక్సైడ్ ముఖం మీదికి వస్తాయి. వాయువును గుర్తించే పరికరం, పడిపోకుండా కాపాడే హార్నెస్ లేనివారిని పైకి ఎక్కనివ్వకూడదు. ఉరుములు, ఈదురుగాలి ఉన్నప్పుడు పరీక్షను వాయిదా వేయాలి, అంతే.

ప్లాంటు ఏ స్థితిలో నడుస్తోంది

బాయిలర్‌ను సగం లోడుతో నడిపి తీసిన నమూనా పద్ధతి ప్రకారం ఎంత తప్పులేకుండా ఉన్నా, పూర్తి లోడు గురించి ఏమీ చెప్పదు. అనుమతి పత్రం వేరే ఏమీ చెప్పకపోతే, మామూలుగా నడిపే స్థితుల్లో అత్యధిక ఉద్గారాలు ఉండే స్థితిని ఎంచుకోవడమే సమర్థించుకోదగిన నిర్ణయం. ఇంధనం రకం, గంటకు ఎంత ఇంధనం వేశారు, ఆవిరి ప్రవాహం, ఫర్నేస్ ఉష్ణోగ్రత, బ్యాగ్ ఫిల్టర్‌లో పీడన వ్యత్యాసం, స్క్రబ్బర్ (ద్రవంతో వాయువును కడిగే పరికరం) ద్రవపు ప్రవాహం, దాని పీహెచ్ వంటివి నమూనా తీస్తున్నంతసేపూ పావుగంటకొకసారి రాసి ఉంచాలి. బ్యాచ్‌లుగా నడిచే ప్రక్రియలో ఏ దశలో నమూనా తీశారన్నది లేకపోతే అంకెకు అర్థమే ఉండదు. పరీక్ష రోజు కోసమే ఫిల్టర్ సంచులు మార్చి, మంచి బొగ్గు వేసి, మరుసటి రోజు పాత పద్ధతికి వెళ్లిపోయే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆన్‌లైన్ పరికరం లెక్కలను ఆ నివేదిక పక్కన పెడితే ఈ తేడా సులువుగా బయటపడుతుంది.

నమూనా తీసేటప్పుడు గమనించవలసినవి

ధూళి కొలతలో ముఖ్యమైనది సమవేగం. ప్రోబ్ కొన అయిన నాజిల్ లోకి గాలి ప్రవేశించే వేగం, అక్కడ గొట్టంలో గాలి వేగంతో సమానంగా ఉండాలి. నెమ్మదిగా లాగితే గాలి నాజిల్ పక్కనుంచి మళ్లిపోతుంది కానీ బరువైన రేణువులు తమ జడత్వంతో నేరుగా లోపలికి వస్తాయి, కాబట్టి ధూళి ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. వేగంగా లాగితే తక్కువగా తేలుతుంది. అమెరికా 5వ పద్ధతి ఈ సమవేగ శాతాన్ని 90 నుంచి 110 మధ్య అంగీకరిస్తుంది. కొన్ని మైక్రాన్ల లోపు సన్నని రేణువులు గాలితో పాటే తిరుగుతాయి కనుక వాటి మీద ఈ పొరపాటు ప్రభావం తక్కువ. సైక్లోన్ (గాలిని సుడి తిప్పి ధూళిని వేరుచేసే పరికరం) మాత్రమే ఉన్న పాత వ్యవస్థల్లో పెద్ద రేణువులే ఎక్కువ కాబట్టి అక్కడ తేడా బాగా కనిపిస్తుంది.

లీకు పరీక్ష ఇంకో ముఖ్యమైన మెట్టు. ప్రోబ్, ఫిల్టర్, ఐసుగడ్డల్లో ఉంచిన ఇంపింజర్లు (తేమను పట్టే గాజు సీసాలు), చివరి సిలికా జెల్, పంపు ఇవన్నీ ఒకదానికొకటి కలిసిన వరుసలో ఎక్కడ బయటి గాలి చొరబడినా నమూనా పలచబడి ఫలితం తక్కువగా వస్తుంది. 5వ పద్ధతి ప్రకారం లీకు నిమిషానికి 0.00057 ఘనపు మీటర్లు, లేదా సగటు లాగుడు రేటులో 4 శాతం, వీటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. నమూనా తీయడం పూర్తయిన తరువాతి లీకు పరీక్ష తప్పనిసరి. దాని అంకె క్షేత్ర పత్రంలో (కొలిచేచోటే అంకెలు రాసుకునే కాగితంలో) లేకపోతే ఆ నమూనాను నమ్మలేం. తీసేటప్పుడు ఫిల్టర్ పెట్టెను దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి, ప్రోబ్ లోపలి గోడలకు అంటిన ధూళిని ఎసిటోన్‌తో కడిగి ఆ బరువును కూడా కలపాలి. బ్రష్ వేసి కడగడం విసుగు పుట్టించే పని కనుక దాన్ని దాటవేసేవారున్నారు.

వాయువుల కొలతలో చిక్కు తేమతో వస్తుంది. నమూనా గొట్టం చల్లబడి నీరు చేరితే సల్ఫర్ డయాక్సైడ్ అందులో కరిగిపోయి పరికరం దాకా రాదు. అందువల్ల వేడిచేసిన గొట్టం కావాలి, నీటిని త్వరగా వేరుచేసే చల్లని భాగం కావాలి. ప్రమాణ వాయువును (గాఢత ముందే తెలిసిన వాయువును) నేరుగా పరికరంలోకి పంపి సరిచూడటంతో ఆగకుండా, ప్రోబ్ దగ్గర నుంచి మొత్తం వరుస గుండా పంపి చూడమని బృందాన్ని అడగాలి. లీకులూ నష్టాలూ అప్పుడే బయటపడతాయి. సిలిండరు ధ్రువపత్రంపై గడువు తేదీని కూడా అక్కడే చూసుకోవచ్చు.

అంకెల సవరణ

ఒకే కొలత మూడు రకాల అంకెలుగా కనిపించవచ్చు. గాలిలో 15 శాతం తేమ ఉంటే, తడి గాలి లెక్కన 85 మిల్లీగ్రాములు ఉన్నది పొడి గాలి లెక్కన 100 అవుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములు అన్నది 20 డిగ్రీల ప్రాతిపదికన 46.6 అవుతుంది. అన్నిటికన్నా పెద్ద తేడా ఆక్సిజన్ సవరణతో వస్తుంది: 21 నుంచి నిర్ణీత ఆక్సిజన్ శాతాన్ని తీసివేసి, దాన్ని 21 నుంచి కొలిచిన శాతాన్ని తీసివేయగా మిగిలినదానితో భాగించి, వచ్చినదానితో గాఢతను గుణించాలి. నిర్ణీత శాతం 6, కొలిచినది 12 అయితే 100 మిల్లీగ్రాములు 167 అవుతాయి; కొలిచినది 16 అయితే 300 అవుతాయి. అక్కడే ఆక్సిజన్ కొలతలో అర శాతం తేడా వచ్చి 16.5 అని చదివితే ఫలితం 333కు చేరుతుంది. గాలి ఎక్కువగా చొరబడే పాత బాయిలర్లలో ధూళి తూకానికి చూపే శ్రద్ధ ఆక్సిజన్ కొలతకు కూడా చూపాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నైట్రోజన్ ఆక్సైడ్లను పీపీఎంలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్కలో) ఇస్తే 2.05తో గుణించి, నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కించిన మిల్లీగ్రాములకు మార్చవచ్చు. సల్ఫర్ డయాక్సైడ్‌కు 2.86, కార్బన్ మోనాక్సైడ్‌కు 1.25. ఇవి సున్నా డిగ్రీల ప్రాతిపదికకు మాత్రమే వర్తిస్తాయి.

నివేదిక అందాక

చివరి పట్టికతో మొదలుపెట్టకుండా అనుబంధంలోని క్షేత్ర పత్రాలను ముందు చదవాలి. ప్రతి బిందువు దగ్గర వేగపు పీడనం, ఉష్ణోగ్రత, సమవేగ శాతం, మీటరు రీడింగు, లీకు పరీక్ష, ఫిల్టర్ ముందు వెనకల తూకాలు, ఖాళీ నమూనా ఫలితం అన్నీ ఉండాలి. ఘనపు మీటరు గాలిని లాగి 5 మిల్లీగ్రాముల పరిమితిని పరీక్షిస్తున్నప్పుడు ఖాళీ నమూనాలోనే 2 మిల్లీగ్రాములు తేలితే ఆ ఫలితంతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. మూడుసార్లు తీసిన నమూనాలూ చివరి అంకె దాకా ఒకేలా ఉంటే సంతోషించనక్కరలేదు, కారణం అడగాలి. కొలతలోని అనిశ్చితి ఎంతో రాయకుండా 'పరిమితికి లోబడి ఉంది' అని మాత్రమే ముగించిన నివేదికను తిప్పి పంపవచ్చు.

పరిమితి దాటిందని తేలితే, అనుకూలమైన అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొలిపించి మిగిలినవాటిని దాచే ప్రయత్నం చేయకూడదు. అనుమతి పత్రంలో చెప్పిన గడువులోగా నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. ఆ తరువాత పరీక్ష సమయంలో రాసి ఉంచిన ప్లాంటు లెక్కలతో కారణం వెతకాలి: ఫిల్టర్ పీడన వ్యత్యాసం హఠాత్తుగా పడిపోయి ఉంటే సంచి చిరిగి ఉండవచ్చు, స్క్రబ్బర్ పీహెచ్ తగ్గి ఉంటే ద్రవంలో కలిపే క్షారం మోతాదు చాలక ఉండవచ్చు, కార్బన్ మోనాక్సైడ్ పెరిగి ఉంటే దహనానికి గాలి సరిపోక ఉండవచ్చు. మరమ్మతు తరువాత తిరిగి కొలిచేటప్పుడు అదే పద్ధతి, అవే బిందువులు, అదే లోడు ఉండేలా కొత్త ఆర్డరులోనే రాయాలి.