అటికమామిడిని ఎలా గుర్తుపట్టాలి, ఎలా కోసుకోవాలి?

అక్టోబరులో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అటికమామిడి అనే ఆకుకూర తీగ నేలంతా పరుచుకుంటుంది. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట చేల గట్లు, ఉలవపాడు ఇసుక తోటలు, ఊళ్లో ఖాళీగా పడున్న ఇళ్ల స్థలాలు, ఎక్కడైనా వస్తుంది. ఎండాకాలంలో తీగ ఎండిపోయినా లోపల లావుపాటి వేరు బతికే ఉండి, తడి తగలగానే మళ్లీ చిగురేస్తుంది. దీన్ని ఎర్ర గలిజేరు అని కూడా అంటారు, చిక్కంతా అక్కడే, ఎందుకంటే పక్కనే పెరిగే తెల్ల గలిజేరు అసలు వేరే మొక్క.

రెండింటికీ కణుపు దగ్గర ఒకాకు పెద్దది, ఒకాకు చిన్నది ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి తేల్చేయకండి. పువ్వు చూడండి. అటికమామిడికి సన్నటి కాడల చివర గుండుసూది తలంత ముదురు గులాబీ పూలు గుత్తులుగా పైకి లేచి ఉంటాయి, తెల్ల గలిజేరు పువ్వు ఆకు తొడిమ మొదట్లోనే ఒంటరిగా దాక్కుంటుంది, దాని ఆకు కూడా కండగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే గింజను వేలితో నొక్కండి. అటికమామిడి గింజ జిగురుగా అంటుకుంటుంది, పంచెలకీ మేకల బొచ్చుకీ పట్టుకుని ఊరంతా తిరిగేది అందుకే. నిటారుగా పెరిగి, తెల్లటి పూలు పూసే దగ్గరి జాతి ఒకటుంది, దాని గింజ అంటుకోదు.

కోసేటప్పుడు లేత చివుళ్లు మాత్రమే గిల్లండి, దయచేసి వేరుతో పీకొద్దు. మందుకోసం వేరు తవ్వేస్తే ఆ మొక్క మళ్లీ చిగురేయదు. కలుపుమందు కొట్టిన గట్లు, మురుగు కాలవలు, రొయ్యల చెరువుల నీళ్లు పారే చోట్ల అస్సలు ముట్టుకోవద్దు.

ఇంటికొచ్చాక రెండు మూడు నీళ్లలో కడిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పెసరపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెట్టండి, చాలా బాగుంటుంది. మూత్రం ఎక్కువగా తెప్పించే గుణం ఉంది కాబట్టి బీపీకి, గుండెకి, కిడ్నీకి మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా తినొద్దు.

పెంచుకోవాలంటే ముదిరిన గింజలు తెచ్చి ఇసుక కలిపిన మట్టిలో చల్లితే సరిపోతుంది, కుండీ మాత్రం లోతుగా ఉండాలి, వేరు నిలువుగా దిగుతుంది.