చిత్రాన్ని చదవడం – 4వ భాగం: మనుషుల మధ్య ఖాళీ

పోయిన భాగంలో దుస్తులను బట్టి మనిషి స్థితిని గుర్తుపట్టడం అభ్యాసం చేశాం. ఈసారి మనిషికీ మనిషికీ మధ్య ఉన్న జాగాను చూద్దాం.

మన చేర్యాల నకాషీ పటంలో, అంటే కథ చెప్పడానికి బట్ట మీద వేసే బొమ్మల చుట్టలో, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వరుసలుగా, నిండుగా ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పడానికి పక్కనే కథకుడుంటాడు. పద్మశాలీలకు కూనపులివారు అనే కథకులు మార్కండేయ పురాణం చెబుతూ పటంలోని ఘట్టాలను చూపిస్తారు.

అమెరికా చిత్రకారుడు విలియం మెరిట్ చేజ్ 1887 ప్రాంతంలో వేసిన ‘ఎ సిటీ పార్క్’ చిత్రానికి అలాంటి కథకుడు లేడు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఈ చిత్రం వెడల్పు సుమారు 50 సెంటీమీటర్లు, ఎత్తు 35. ఇది బ్రూక్లిన్‌లోని టాంప్‌కిన్స్ పార్కు కావచ్చంటారు. బ్రూక్లిన్ అప్పటికి వేరే నగరం. న్యూయార్క్‌లో కలిసింది 1898లో. ఫోనులో చిత్రాన్ని తెరిచి, కింది మాటలు చదివే ముందు కాసేపు ఊరికే చూడండి.

బెంచీ మీద ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుంది. ముందు వెడల్పాటి దారి, చాలావరకు ఖాళీ. నా దృష్టిలో చిత్రానికి ప్రాణం ఆ ఖాళీయే. మధ్యతరగతి స్త్రీ ఒంటరిగా వీధిలో నిలబడితే లోకం వేలెత్తి చూపే కాలమది. పార్కు ఆమెకు కూర్చునే హక్కు ఇచ్చింది. కానీ అంత తెరిపిలో వచ్చేవాళ్లు ఆమెకు ఎంత దూరం నుంచి కనిపిస్తారో, ఆమె కూడా వాళ్లకు అంత దూరం నుంచీ కనిపిస్తుంది. చిత్రకారుడు నిలబడినది ఆ దారి వైపే. అంటే చూస్తున్న మీరే ఆ దారిన పోయేవారు! ఆమెకు దొరికిన స్వేచ్ఛనూ, ఆమె మీద ఉన్న నిఘానూ ఆ దారి ఒక్కటే చెబుతోంది.

లేనివాళ్లను కూడా లెక్కపెట్టండి. దారి శుభ్రంగా ఉంది. ఊడ్చిన చేతులు ఎవరివి? మొక్కలు కత్తిరించినవాళ్లు ఎక్కడ? పార్కు బొమ్మ చూసిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేయాల్సిందే.

ఇక అభ్యాసం. సాయంత్రం హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌కు ఒక పోస్టుకార్డు, పెన్సిలు తీసుకుని వెళ్లండి. ముఖాలు వేయకండి, ఒక్కో మనిషికి ఒక్కో నిలువు గీత చాలు. గీతల మధ్య దూరం మాత్రం ఉన్నది ఉన్నట్టు రావాలి. ఒంటరిగా వచ్చిన స్త్రీలు గేటు దగ్గర కూర్చున్నారా, లోపలా? బెంచీ అంతా ఆక్రమించింది ఎవరు, అంచున సర్దుకున్నది ఎవరు? పని చేస్తున్నవారి గీతను కాస్త ముదురుగా దిద్దండి.

కార్డు దాచి ఉంచండి. అయిదో భాగంలో దాని మీదే రంగులు వేస్తాం.