అప్‌డేట్‌తో పాటు అడగనివి వచ్చి కూర్చుంటే: ఎటు నుంచి వచ్చాయి, ఎలా తీయాలి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి జిరాక్స్ షాపుల్లో అడగండి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి డీటీపీ సెంటర్లలో అడగండి, రాజాం వైపు రైస్ మిల్లుల కాటా గదుల్లో అడగండి. ఒకే మాట వినిపిస్తుంది: "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయింది, పొద్దున్నుంచి ఇలా." ఆ వెంటనే అందరూ చేయించేది అప్‌డేట్లు మొత్తంగా ఆపించడం. దయచేసి ఆ పని చేయకండి. జనం ఆధార్ వేలిముద్రలు, బ్యాంకు లావాదేవీలు నడిచే కంప్యూటర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపడం చాలా ప్రమాదం. అప్‌డేట్‌లో సాధారణంగా ఇబ్బంది పెట్టేది ఏదో ఒక్క ముక్కే. దాన్ని తీసి, అది వచ్చిన దారిని మూస్తే చాలు.

ముందు దారి కనుక్కోండి

స్టార్ట్‌లో 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. తేదీల వారీగా గడులు ఉంటాయి. గొడవ మొదలైన తేదీ మీద నొక్కితే ఆ రోజు ఎక్కిన అప్‌డేట్లు, డ్రైవర్లు (ప్రింటర్, కేబుల్ లాంటి పరికరాలను విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్), ప్రోగ్రాములు పేర్లతో సహా కింద కనిపిస్తాయి. తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ తెరవండి. డ్రైవర్ అప్‌డేట్స్ కింద ఉంటే డ్రైవర్ వెనక్కి తిప్పాలి. కేబీ నంబరుతో (అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు నంబరు) క్వాలిటీ అప్‌డేట్స్ కింద ఉంటే అది నెలవారీ అప్‌డేట్. రెండు చోట్లా లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దిగి ఉండాలి, లేదా దానికీ అప్‌డేట్‌కీ సంబంధమే లేదు. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వెంట వచ్చిన టూల్‌బార్‌ను, బ్రౌజర్‌లో ఎప్పుడో 'అలౌ' నొక్కినందుకు వచ్చే 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది' నోటిఫికేషన్‌ను విండోస్ మీద వేయకూడదు.

కాటా బరువు కంప్యూటర్‌లోకి రావడం లేదు

కాటా ఇండికేటర్ డబ్బా మీద బరువు ఉంటుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం సున్నా. ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో ఇది జరిగితే లారీలు గేటు బయట ఆగిపోతాయి, కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. 'పోర్ట్స్' కింద కాటాను కంప్యూటర్‌కి కలిపే మీ యూఎస్‌బీ సీరియల్ కేబుల్ పక్కన పసుపు త్రికోణం ఉండి, '2012 నుంచి తయారీ ఆగిపోయింది, సరఫరాదారుని సంప్రదించండి' అనే అర్థంలో ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తే, అందులో ఉన్నది ప్రొలిఫిక్ వాళ్ల పాత పీఎల్2303 చిప్, లేదా దాని నకలు. కేబుల్ పాడవలేదు. విండోస్ అప్‌డేట్ తెచ్చిన కొత్త డ్రైవర్ పాత చిప్‌లను కావాలనే నిరాకరిస్తుంది. పాత విండోస్‌లో ఇదే సమస్య 'కోడ్ 10' అని కనిపించేది.

కేబుల్ గుచ్చి ఉంచి, ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్ నొక్కండి. 'బ్రౌజ్ మై కంప్యూటర్' ఎంచుకుని, దాని కింద 'లెట్ మి పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్' నొక్కితే కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్లన్నీ వస్తాయి. 2008 నాటి 3.3.2.105 ఉంటే దాన్ని ఎంచుకోండి. త్రికోణం అప్పటికప్పుడే పోతుంది. జాబితాలో ఒక్క కొత్త వెర్షనే ఉంటే, కేబుల్‌తో వచ్చిన సీడీ నుంచి పాత డ్రైవర్ ఎక్కించి మళ్లీ ఇదే చోటికి రండి. ఆ తర్వాత కేబుల్‌ను ఇంకో యూఎస్‌బీ రంధ్రంలోకి మార్చకండి. మారిస్తే విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కేసి మళ్లీ కొత్త డ్రైవర్‌నే తగిలిస్తుంది. రంధ్రం పక్కన 'కాటా' అని స్టిక్కర్ అంటిస్తే గది ఊడ్చేవాళ్లు తీసినా తిరిగి అక్కడే పెడతారు.

త్రికోణం లేకుండానే సున్నా వస్తుంటే పోర్టు నంబరు మారి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కామ్3 కోసం చూస్తుంటే కేబుల్ కామ్5 అయి కూర్చుంటుంది. ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో పాత నంబరు పెట్టండి. ఆ నంబరు 'ఇన్ యూజ్' అంటే డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' నొక్కి, మసకగా కనిపించే పాత పోర్టును అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఏదీ కుదరకపోతే కేబుల్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా గుర్తించకపోతే చిప్పే దెబ్బతిని ఉండొచ్చు. 2014లో ఇలాంటి కేబుల్ చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ సంస్థ డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యనే సున్నా చేసింది. ఆ కేబుళ్లను తర్వాత మరే కంప్యూటరూ మామూలుగా గుర్తించలేదు. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. అమ్మినవాడు చేసిన మోసానికి కొన్నవాడి పరికరాన్ని చంపడం ఏ లెక్కనా న్యాయం కాదు. రోజూ లారీలు తూచే చోట మాత్రం విండోస్ 11కి పనిచేస్తుందని రాసి ఉన్న కొత్త కేబుల్ ఒకటి కొనిపెట్టుకోండి.

ప్రింటర్ పేరు మారింది, ట్రే ఆప్షన్లు పోయాయి

2023 డిసెంబరులో చాలా కంప్యూటర్లలో హెచ్‌పీ స్మార్ట్ యాప్ దానంతటదే వచ్చి పడింది. వేరే కంపెనీ ప్రింటర్ల పేర్లు కూడా 'హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం101-ఎం106'గా మారాయి. ప్రింటర్ పేరు, బొమ్మ చెప్పే మెటాడేటా తప్పుగా రావడమే కారణం. మైక్రోసాఫ్టే తర్వాత దిద్దుబాటు టూల్ ఇచ్చింది. ఈ దారి మూయడం తేలిక: కంట్రోల్ ప్యానెల్‌లో 'డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్' వెతికి, తయారీదారుల యాప్‌లు ఆటోమేటిక్‌గా దించాలా అన్న ప్రశ్నకు 'నో' పెట్టి సేవ్ చేయండి.

పీవీసీ కార్డు ట్రే, బోర్డర్‌లెస్ లాంటివి మాయమైతే అది వేరే సంగతి. కంపెనీ డ్రైవర్ స్థానంలో విండోస్ సాదా డ్రైవర్ వచ్చిందన్నమాట. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి, డ్రైవర్ పేర్ల జాబితాలో పాతది ఉంటే ఎంచుకోండి. లేకపోతే కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ పూర్తి డ్రైవర్ ముందే దించుకోండి. ప్రింటర్‌ను రిమూవ్ చేసి, ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ కింద 'డ్రైవర్ అండ్ ప్యాకేజ్' రెండూ తీసేయండి. తర్వాత నెట్ ఆపి కొత్తగా ఎక్కించండి. నెట్ ఉంచితే మీరు ఎక్కించేలోపు విండోస్ తనది తగిలించేస్తుంది.

డిఫాల్ట్ ప్రింటర్ మాటిమాటికీ మారుతుంటే 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆఫ్ చేయండి, అంతే.

స్టార్ట్‌లో కొత్త బొమ్మలు

విండోస్ 10లో కొత్త అవుట్‌లుక్ మెయిల్ యాప్ 2025 ఫిబ్రవరి 11 నాటి కేబీ 5051974తో వచ్చింది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది. మైక్రోసాఫ్ట్ ఏఐ యాప్ కోపైలట్ కూడా అంతే. ఇలాంటి బొమ్మ కోసం కేబీ మొత్తాన్ని తీసేయడం దండగ: సెక్యూరిటీ పోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసే వీలు చట్టం ఒత్తిడి వల్ల ఐరోపాలో ఇచ్చారు, మన దగ్గర మామూలుగా లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఎడ్జ్ సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్ కింద స్టార్టప్ బూస్ట్‌ను, మూసినా వెనక నడిచే ఆప్షన్‌ను ఆపితే తేడా తెలుస్తుంది.

ఇవి కొత్త అలవాట్లు కావు. 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ అప్‌డేట్‌తో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోకి ఒక యాడాన్ (అదనపు ముక్క) చెప్పకుండా చేరింది, దాని అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకుండా మసకగా ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో ఫైర్‌ఫాక్స్ తయారీ సంస్థ మొజిల్లా దాన్ని బ్లాక్ చేసింది. తర్వాత కేబీ 3035583 విండోస్ 10కి మారమనే ప్రకటన కిటికీని తెచ్చింది. 2016లో ఆ కిటికీని ఎక్స్ నొక్కి మూసినా, ముందే పెట్టిన అప్‌గ్రేడ్ ముహూర్తం అలాగే ఉండిపోయేది. అందుకే ఇప్పటికీ ఇలాంటి కిటికీలో చిన్న అక్షరాల్లో ఉన్న 'డిక్లైన్' వెతికి నొక్కండి.

మళ్లీ రాకుండా

నెలవారీ అప్‌డేట్ వల్లే ఏదైనా విరిగితే అప్‌డేట్ హిస్టరీలో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కి దాన్ని తీయండి. వెంటనే 'పాజ్' పెట్టండి, లేకపోతే అదే మళ్లీ ఎక్కుతుంది. పాజ్ గరిష్ఠంగా 5 వారాలు. ఈలోగా దిద్దుబాటు వస్తుందేమో చూసుకోవచ్చు. పెద్ద వెర్షన్ మారిపోయి ఉంటే రికవరీలో 'గో బ్యాక్' మామూలుగా 10 రోజులే ఉంటుంది.

విండోస్ ప్రో ఎడిషన్ అయితే, విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీలో 'డు నాట్ ఇన్‌క్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్' ఎనేబుల్ చేయండి. సెక్యూరిటీ వస్తుంది, డ్రైవర్లు రావు. కాటా, ప్రింటర్ ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ ఇది చేయాల్సిందే. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ లేదు. అక్కడ వైఫై ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' (డేటాకి పరిమితి ఉన్న నెట్ అని చెప్పడం) ఆన్ చేయండి. చాలా అప్‌డేట్లు, పరికరాల డ్రైవర్లు దిగకుండా ఆగుతాయి. మందస, సీతంపేట లాంటి చోట్ల ఫోన్ హాట్‌స్పాట్‌తో పనిచేసేవాళ్లకు రోజువారీ డేటా కూడా మిగులుతుంది. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగిపోవచ్చు కాబట్టి వారానికోసారి పని లేని వేళ మీటర్డ్ తీసి, అప్‌డేట్లు పూర్తిగా దిగాక మళ్లీ పెట్టండి.

ఫోన్‌లో

సిస్టమ్ అప్‌డేట్ తర్వాత కొన్ని ఫోన్లు 'సిఫార్సు చేసిన యాప్‌లు' అని ఒక పేజీ చూపిస్తాయి. టిక్కులు ముందే పెట్టి ఉంటాయి, తీసేసి 'నెక్స్ట్' నొక్కండి. ఆటలు వాటంతటవే దిగుతుంటే సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో సిస్టమ్ యాప్‌లు కూడా చూపించమని ఎంచుకుని, యాప్‌లను తనంతట తాను దించే యాప్‌క్లౌడ్ లాంటివి ఉంటే డిసేబుల్ చేయండి. తెర మీద కనిపించే ఆటను తీస్తే సరిపోదు, దాన్ని దించే యాప్‌ను ఆపాలి. తర్వాతి సిస్టమ్ అప్‌డేట్‌కి అది మళ్లీ ఎనేబుల్ అయి ఉండొచ్చు, అప్‌డేట్ అయిన రోజే ఆ జాబితా మరోసారి చూడండి.