గురుగ్రహపు ఎగువ వాతావరణ ఉష్ణోగ్రతను పరారుణ వర్ణపటంతో ఎలా కొలవాలి?

సూర్యకాంతి ఒక్కటే వేడి చేస్తే గురుగ్రహపు ఎగువ వాతావరణం 200 కెల్విన్ల దగ్గర ఉండాలి. కొలిస్తే సుమారు 700 వస్తోంది. అంత దూరంలోని వేడిని ఇంత గట్టిగా చెప్పగలగడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

ముందుగా, దేన్ని చూడాలో తెలియాలి. మూడు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు ఉన్న ట్రైహైడ్రోజన్ అయాన్‌ను గురుగ్రహంపై గుర్తించినట్టు 1989లో ప్రకటించారు. ఇది 3.4 నుంచి 4 మైక్రాన్ల (మీటరులో పది లక్షల వంతుల) పరారుణ తరంగదైర్ఘ్యాల మధ్య బాగా వెలుగుతుంది. కింద ఉన్న మీథేన్ ఈ ప్రాంతంలో చాలా భాగం సూర్యకాంతిని మింగేస్తుంది కాబట్టి, నల్లని నేపథ్యం మీద అయాన్ రేఖలు, అంటే వర్ణపటంలో అది వెలిగించే సన్నని గీతలు, స్పష్టంగా కనిపిస్తాయి.

మన గాలిలోని నీటి ఆవిరి అడ్డు తగలకుండా హవాయిలోని మౌనా కియా శిఖరం లాంటి ఎత్తైన, పొడి చోట ఉన్న టెలిస్కోపు కావాలి. వర్ణపటమాపకం స్లిట్‌ను (కాంతి లోపలికి వెళ్లే సన్నని చీలికను) ధ్రువం నుంచి ధ్రువానికి నిలబెట్టండి. గ్రహం పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది, రేఖాంశాలు వాటంతట అవే స్లిట్ కిందికి వస్తాయి.

ఈ తరంగదైర్ఘ్యాల్లో ఆకాశమూ, టెలిస్కోపూ కూడా వెలుగుతాయి. అందుకే గ్రహాన్ని ఒకసారి, పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని ఒకసారి తీసి, మొదటిదాన్నుంచి రెండోది తీసివేయాలి. తర్వాత వర్ణపటం తెలిసిన ఒక నక్షత్రంతో పోల్చి, భూవాతావరణం మింగిన కాంతిని సరిచేయాలి.

ఇక అసలు పని. ఒక్క రేఖ ప్రకాశాన్ని చూసి ఉష్ణోగ్రత చెప్పకండి: అయాన్లు ఎక్కువున్నా, వేడి ఎక్కువున్నా రేఖ ప్రకాశవంతమే అవుతుంది. వేర్వేరు శక్తి స్థాయుల నుంచి పుట్టిన కనీసం రెండు రేఖలు తీసుకోండి. ఎన్ని ఎక్కువైతే అంత మేలు. ఒక్కో రేఖ తీవ్రతను దాని పరివర్తన సంభావ్యత (అయాన్ ఆ కాంతిని విడుదల చేసే రేటు), స్థాయి భారం (ఒకే శక్తి ఉన్న స్థితుల లెక్క), ఫోటాన్ శక్తుల లబ్ధంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, పై స్థాయి శక్తికి ఎదురుగా గ్రాఫు గీయండి. బిందువులు దాదాపు సరళరేఖ మీద పడతాయి. దాని వాలు రుణాత్మకం. ఆ వాలు పరిమాణాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో గుణించి, 1ని ఆ లబ్ధంతో భాగిస్తే ఉష్ణోగ్రత వస్తుంది. అది తెలిశాక, అదే ప్రకాశం నుంచి అయాన్ల సంఖ్యనూ విడదీయవచ్చు.

రేఖలన్నీ ఒకే కంపన పట్టీలోవి (ఒకే రకం కంపన మార్పు నుంచి పుట్టిన రేఖల గుంపులోవి) కావాలని నా గట్టి సలహా. గాలి బాగా పలచబడిన ఎత్తుల్లో అణువుల తాకిడి చాలక పై కంపన స్థాయులు నిండవు. పట్టీలు కలిపి లెక్కిస్తే నిజానికన్నా తక్కువ ఉష్ణోగ్రత రావచ్చు. బలహీన రేఖలోని చిన్న దోషం కూడా ఫలితాన్ని బాగా కదిలిస్తుంది కాబట్టి, దోషపరిమితిని తప్పక రాయండి.

2021లో వెలువడిన కెక్ టెలిస్కోపు పటాలు ఈ పద్ధతితో తయారైనవే. వాటిలో ధ్రువకాంతుల దగ్గర సుమారు 1,000 కెల్విన్లున్న ఉష్ణోగ్రత భూమధ్యరేఖ వైపు క్రమంగా తగ్గింది. లెక్కకు మించిన ఆ వేడి ధ్రువాల నుంచే పారుతోందనడానికి అది బలమైన ఆధారం.