కొత్త గేమ్ రిలీజ్ రోజునే కొనాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి

పెద్ద గేమ్ ఏదైనా వస్తోందంటే నెల ముందు నుంచే ట్రైలర్లు మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చునే మనిషిని నేను. ఆ ఆత్రం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే చెబుతున్నాను, ప్రీ-ఆర్డర్ (రిలీజ్‌కి ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవడం) చేయకండి. డిస్కుల రోజుల్లో స్టాక్ అయిపోతుందేమోనని భయం ఉండేది. డౌన్‌లోడ్ గేమ్‌కి ఆ బాధ లేదు, వారం ఆగినా అదే గేమ్ దొరుకుతుంది, ఈలోపు లోపాలు సరిచేసే ప్యాచ్‌లు ఒకటో రెండో కూడా వచ్చి ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం రివ్యూలు ఎప్పుడొచ్చాయి, ఏ మెషీన్ మీద ఆడి రాశారు అన్నది. సైబర్‌పంక్ 2077 సంగతి గుర్తుందిగా, 2020 డిసెంబర్ 10న రిలీజైతే అంతకుముందు వచ్చిన రివ్యూలు పీసీ వెర్షన్‌వి, స్కోర్లు బాగున్నాయి, అవి చూసి సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 4కి కొన్నవాళ్లకేమో క్రాష్‌లు, ఆగి ఆగి కదిలే బొమ్మ. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ని తన స్టోర్ నుంచే తీసేసి డబ్బులు వెనక్కి ఇస్తామంది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీకైతే అమ్మకాలు మొదలయ్యాక గానీ రివ్యూలు బయటికి రానివ్వలేదు. మీ కన్సోల్ మీద ఆడిన వీడియో ఒక్కటీ కనబడకపోతే ఆగిపోండి.

ఆగలేక కొన్నారనుకోండి, రిఫండ్ రూల్ ముందే చదవండి. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపైతే డబ్బు వెనక్కి వస్తుంది. గేమ్ తెరిచాక షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతూ పర్సంటేజ్ మెల్లగా కదులుతుంటుందే, ఆ టైమ్ కూడా ఈ 2 గంటల్లోకే వస్తుంది. కాబట్టి మొదటి గంట కథ కోసం కాదు, పరీక్ష కోసం: జనం, వాహనాలు ఎక్కువున్న చోటికి వెళ్లి కెమెరా గబగబా తిప్పి బొమ్మ ఆగుతోందేమో చూడండి, సేవ్ చేసి బయటికొచ్చి మళ్లీ లోడ్ చేయండి. ప్లేస్టేషన్‌లో డౌన్‌లోడ్ మొదలైతే, గేమ్‌లో లోపం ఉంటే తప్ప, సాధారణంగా రిఫండ్ ఉండదు. ఆటో-డౌన్‌లోడ్ ఆపి ఉంచండి.

సేవ్‌ల విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. ఒక గేమ్‌లో 30 గంటలు ఆడాక, తలుపు తీయాల్సిన పాత్ర గోడలో సగం ఇరుక్కుని కదలడం మానేసింది, ఉన్నది ఒకే ఆటోసేవ్, అది కూడా ఆ తలుపు ముందే. మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక లేక వదిలేశాను. గంటకోసారి వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి. పీసీ అయితే సేవ్ ఫోల్డర్‌ని వేరే చోట కాపీ పెట్టుకోండి, క్లౌడ్‌ని నమ్ముకుంటే పాడైన ఫైలే అక్కడికీ ఎక్కేస్తుంది.

నిజానికి నన్ను ఎక్కువ బాధపెట్టేది బగ్ (గేమ్‌లోని లోపం) కాదు. ముందుగా నమ్మి పూర్తి ధర కట్టినవాళ్లకి అన్నిటికన్నా నాసిరకం వెర్షన్ దక్కుతోంది, ఏడాది ఆగినవాళ్లకి తక్కువ ధరకే మంచి గేమ్ వస్తోంది. 2016లో తిట్లు తిన్న నో మ్యాన్స్ స్కై ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇచ్చి జనాన్ని వెనక్కి తెచ్చుకుంది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అందరూ అలా నిలబడరు. అందుకే గేమ్ తయారుచేసిన స్టూడియో తన పాత గేమ్‌కి రిలీజయ్యాక ఏం చేసిందో చూడండి, ప్యాచ్ నోట్స్ (ఏ ప్యాచ్‌లో ఏం మార్చారో చెప్పే జాబితా) పాత తేదీల నుంచి చదివితే తెలిసిపోతుంది.

బగ్ కనబడితే గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ వెర్షన్, ఏ మిషన్‌లో ఏం చేస్తుండగా వచ్చిందో రాసి, క్రాష్ ఫైల్ (గేమ్ ఆగిపోయినప్పుడు తయారయ్యే రికార్డు) జతచేసి స్టూడియోకి పంపండి. రిలీజ్‌కి ముందు గేమ్‌ని పరీక్షించే టెస్టర్లని తిట్టకండి, రిలీజ్ తేదీ వాళ్ల చేతిలో ఉండదు.