పది రూపాయల బిళ్ళ మాయం చేయడం, తీసిన ముక్క కనిపెట్టడం ఎలా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం కాబట్టి ముందురోజు, తొలేళ్ళకే, ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. భోజనాలయ్యాక నలుగురినీ కూర్చోబెట్టి గారడీ చూపించాలంటే పది రూపాయల బిళ్ళ ఒకటి, పేక ఒకటి ఉంటే చాలు.

ముందు బిళ్ళ సంగతి. పదిదే ఎందుకంటే 27 మిల్లీమీటర్ల వెడల్పు, పైగా రెండు రంగులు, గది చివర కూర్చున్నవాళ్ళకీ కనబడుతుంది. (రిజర్వ్ బ్యాంకు చెల్లుతుందని ఎంత చెప్పినా కొన్ని కొట్లలో తీసుకోరు కదా, ఇలాగైనా పనికొస్తుంది.) ఎడమ అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలి కొసకీ మిగతా వేళ్ళ కొసలకీ మధ్య బిళ్ళని అంచుల దగ్గర పట్టుకోండి. ఇప్పుడు కుడి చెయ్యి తీసుకోడానికి వస్తుంది: దాని బొటనవేలు బిళ్ళ కిందనుంచి దూరుతుంది, మిగతా వేళ్ళు ముందునుంచి కప్పేస్తాయి. కప్పిన ఆ క్షణంలోనే ఎడమ బొటనవేలు కాస్త వదులు చేస్తే బిళ్ళ ఎడమ వేళ్ళ మొదట్లోకి జారి పడుతుంది. కుడి చెయ్యి మాత్రం దొరికినట్టే గుప్పిట మూసుకుని పక్కకి వెళ్ళిపోవాలి. దీన్నే ఫ్రెంచ్ డ్రాప్ అంటారు.

వేళ్ళ పని ఇంతే, అసలు పని కళ్ళది. మీరు ఎటు చూస్తే జనం అటే చూస్తారు, కాబట్టి బిళ్ళ నిజంగా కుడి గుప్పిట్లోనే ఉందన్నట్టు దాన్నే చూస్తూ ఉండండి, ఎడమ చేతిని మర్చిపోయినట్టు కిందకి వాల్చేయండి. కొత్తవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే, బిళ్ళున్న చెయ్యి కర్రలా బిగుసుకుపోతుంది. అందుకే అద్దం ముందు మొదట బిళ్ళని నిజంగానే కుడి చేతిలోకి తీసుకుంటూ మీ భుజం, మెడ, చూపు ఎలా కదులుతున్నాయో గమనించి, తర్వాత ఉత్తుత్తిగా తీసుకునేటప్పుడూ అచ్చం అలాగే చేయండి. కుడి గుప్పిట మీద ఊది, ఒక్కో వేలూ మెల్లగా తెరవండి.

వెంటనే ఎవడో ఒకడు "బాబాయ్, ఆ సెయ్యి కూడా సూపించు" అంటాడు. వాడు అనేలోపే ఎడమ చెయ్యి వాడి చెవి వెనక్కి వెళ్ళిపోవాలి, బిళ్ళని బొటనవేలితో కొసలకి తోసి బయటకి లాగండి. ఇంకో మాట, పిల్లలు చాప మీద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి, మీరు నిలబడితే వేళ్ళ అడుగున బిళ్ళ వాళ్ళకి స్పష్టంగా కనబడుతుంది. వెనక ఎవరినీ ఉండనివ్వకండి.

ఇక పేక. బాగా కలిపి, ముక్కలు సర్దుతున్నట్టు కొంచెం వంచి అడుగు ముక్క చూసేసుకోండి, ఇస్పేటు రాణి అనుకుందాం. ముక్కలు పరిచి అత్తయ్యని ఒకటి తీసి చూసుకోమనండి, దాన్ని పేక పైన పెట్టించి, ఆవిడ చేతే పేక కట్ చేయించి కింద సగం పైకి వేయించండి. అంతే, రాణి సరిగ్గా ఆవిడ ముక్క మీదకి చేరింది. ఎన్నిసార్లు కట్ చేసినా ఫర్వాలేదు గానీ కలపడానికి మాత్రం ఇవ్వకండి. పైనుంచి ఒక్కో ముక్కా తిప్పి వేస్తూ పోతే రాణి తర్వాత వచ్చేది ఆవిడదే (రాణి అన్నిటికన్నా చివర వస్తే మొదట వేసింది ఆవిడది).

అక్కడే ఆగిపోతే మజా ఉండదు. ఇంకో ఐదారు ముక్కలు వేసి, "ఇప్పుడు నేను తిప్పబోయేది మీదే అత్తయ్యా, పందెం" అనండి. తన ముక్క ఎప్పుడో దాటిపోయిందని ఆవిడ నవ్వుతుంది, మీరేమో చేతిలో పేక వదిలేసి, కింద వేసినవాటిలోంచి ఆవిడ ముక్కని బోర్లా తిప్పండి.

మళ్ళీ చేయమని గోల చేస్తారు, చేయకండి. ఈలోగా రమ్మీకి సిద్ధమైన మావయ్యలు పేక ఎలాగూ లాక్కుపోతారు.